పేరు వేరు, వారసత్వం వేరు



ఈ సాయంత్రం ఎవరి స్మృతికి అంకితమో ఆయన పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రంలో ఉంది. పల్లెల నుంచి వచ్చే కక్షిదారులు ఆయన్ని చివరిదాకా ‘వకీల్ సాబ్’ అనే పిలిచారు. నేనూ ఆ పిలుపుతోనే తలచుకుంటాను. కాలువ నీళ్లూ చెరుకు పొలాలూ ఉన్న చోట సివిల్ కోర్టుకు పని తక్కువగా ఉండదు. ఆయన దావాల్లో ఎక్కువ భాగం భూమి చుట్టూ తిరిగినవే. అయితే ఆ ఫైళ్లలో ఎక్కడో ఒకచోట ‘మైనరు, తల్లి సంరక్షణలో’ అన్న మాట కనిపించేది. పెద్దలు వాటాల కోసం పోట్లాడుకుంటుంటే ఆ మైనరు ఏ పేరుతో బడికి పోతున్నాడో ఆయన ఆరా తీసేవారు. ఈ ఉపన్యాసానికి విషయం ఎంచుకోమని నిర్వాహకులు కోరినప్పుడు ఆ ఆరాయే నాకు దారి చూపింది.

పిల్లల ఇంటిపేరును చట్టప్రకారం మార్చడం గురించి మాట్లాడతాను. పైకి ఇది ఒక అఫిడవిట్‌తో, పత్రికా ప్రకటనతో, గెజెట్‌తో ముగిసే పని. కానీ ఏ కుటుంబంలో ఈ మాట ఎత్తినా ముందు లేచే ప్రశ్న ‘మా వంశం ఏమవుతుంది’ అని. ఆ వెనుకే, గొంతు తగ్గించి, ‘మా భూమి ఏమవుతుంది’ అని. ఒక పిల్లవాడి పేరు మీద మనం రక్తసంబంధాన్ని మోపాం, ఆస్తిని మోపాం, అతను రోజూ అన్నం తినే ఇంటినీ మోపాం. నూట అరవై ఏళ్లకు పైగా సాగిన చట్టాల ప్రయాణంలో ఈ ముడి చాలావరకు విడిపోయింది. వంశానికి, ఆస్తికి చట్టం వేరే రక్షణలు ఏర్పరచింది. పేరును పిల్లవాడి క్షేమానికి వదిలింది. మన ఇళ్లలోనూ మన దఫ్తర్లలోనూ మాత్రం ఆ ముడి అట్లాగే ఉంది. ఈ సాయంత్రం నేను నిలబెట్టదలచిన వాదం ఇదే.

తెలుగు నేల మీద పుట్టి దేశం మొత్తానికి దారి చూపిన తీర్పుతో మొదలుపెడతాను. 2022 జులై 28న సుప్రీంకోర్టులో జస్టిస్ దినేశ్ మహేశ్వరి, జస్టిస్ కృష్ణ మురారి ఆ తీర్పు ఇచ్చారు. అందులోని తల్లీబిడ్డల పేర్లు న్యాయగ్రంథాల్లో ఉన్నాయి. ఆ పిల్లవాడు పెద్దవాడై తన బతుకు తాను బతుకుతున్నాడు కనుక నేను వాటిని ఈ సభలో చెప్పను. విషయం ఇది: 2003లో పెళ్లి, 2006 మార్చిలో కొడుకు, ఆ బిడ్డకు మూడు నెలలైనా నిండకముందే భర్త మరణం. 2007లో తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. 2008లో తాతానాయనమ్మలు సంరక్షకత్వం తమకు ఇప్పించమని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకు వెళ్లారు. 2011లో కింది కోర్టు పిటిషన్ కొట్టేసి, మనవణ్ని చూసి వచ్చే అవకాశం మాత్రం పరిమితంగా ఇచ్చింది. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో అడుగు వేసి, మూడు నెలల్లో పిల్లవాడికి కన్నతండ్రి ఇంటిపేరు తిరిగి పెట్టాలనీ, రికార్డుల్లో వీలైనచోట కన్నతండ్రి పేరే చూపాలనీ, వీలుకానిచోట తల్లి భర్తను ‘మారుతండ్రి’గా రాయాలనీ ఆదేశించింది.

సుప్రీంకోర్టు ఈ ఆదేశాన్ని రద్దు చేస్తూ రెండు కారణాలు చెప్పింది. మొదటిది న్యాయ ప్రక్రియకు సంబంధించింది. తాతానాయనమ్మలు తమ పిటిషన్‌లో ఇంటిపేరు ఊసే ఎత్తలేదు, అడగని పరిహారాన్ని కోర్టు ఇవ్వకూడదు. రెండోది లోతైనది. తండ్రి చనిపోయాక తల్లే ఏకైక సహజ సంరక్షకురాలు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని, తన కొత్త కుటుంబం పేరునే బిడ్డకు పెట్టుకోవడంలో గాని, బిడ్డను భర్తకు దత్తత ఇవ్వడంలో గాని అసహజం ఏమీ లేదు. ఇంటిపేరంటే వంశాన్ని సూచించేది మాత్రమే కాదు, ఒక కప్పు కింద ఉన్నవాళ్లను కలిపి ఉంచేది కూడా అని ధర్మాసనం భావించింది. పిల్లవాడి కాగితాల్లో ‘మారుతండ్రి’ అని రాయించడాన్ని దాదాపు క్రూరమైన, ఆలోచన లేని పనిగా ఎంచింది. న్యాయమూర్తులు ఇంత గట్టి మాట వాడటం అరుదు. అక్కడ వాడవలసిందే.

ఆ 2022లోనే ఇంకొన్ని దేశాలు ఇదే ప్రశ్న దగ్గర నిలబడ్డాయి. పుట్టిన బిడ్డకు తండ్రి ఇంటిపేరు దానంతటదే రావడం రాజ్యాంగ విరుద్ధమని ఏప్రిల్‌లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం ప్రకటించింది. తల్లిదండ్రులు వేరే నిర్ణయానికి రాకపోతే ఇద్దరి పేర్లూ బిడ్డకు వస్తాయి. జులై 1 నుంచి ఫ్రాన్స్‌లో పెద్దవాళ్లయిన పౌరులు తల్లి పేరో తండ్రి పేరో ఎంచుకోవడం సులువైంది. 1794లోనే జననపత్రంలో ఉన్న పేరు తప్ప మరొకటి పెట్టుకోరాదని శాసించిన దేశం ఫ్రాన్స్. రెండు శతాబ్దాల తరువాత ఆ పట్టు సడలింది.

మన దగ్గరి కథ 1856 దగ్గర మొదలవుతుంది. బ్రిటిష్ ఇండియాలో వితంతు పునర్వివాహాన్ని చట్టసమ్మతం చేసిన ఆ శాసనాన్ని మనం గౌరవంగా తలుచుకుంటాం. దాని ఆసరాతోనే వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించగలిగారు. కాని ఆ చట్టాన్ని మొదటి సెక్షన్ దగ్గరే ఆపకుండా చదవాలి. రెండో సెక్షన్ ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీ మొదటి భర్త ఆస్తిలో తనకున్న హక్కును పోగొట్టుకుంటుంది, ఆ హక్కు మేరకు చట్టం దృష్టిలో చనిపోయినదానితో సమానమవుతుంది. మూడో సెక్షన్ ప్రకారం భర్త తరఫు తాతగాని, నాయనమ్మగాని, చివరికి మగ బంధువెవరైనా గాని పిల్లల సంరక్షకత్వం కోసం కోర్టుకు వెళ్లవచ్చు. అంటే పసుపుకుంకుమలు తిరిగి ఇచ్చిన చేత్తోనే భూమినీ బిడ్డనూ తీసుకోవడానికి దారి చూపింది. సంస్కరణ పేరుతో వచ్చిన ఆ చట్టం 1983లో గాని రద్దు కాలేదు. 2008లో ఆ తాతానాయనమ్మలు కోర్టు మెట్లెక్కినప్పుడు ఆ సెక్షన్ చచ్చిపోయి పాతికేళ్లయింది. అది నేర్పిన అలవాటు చావలేదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. పిల్లవాడి ఇంటిపేరు మారడం మన సమాజానికి కొత్తా? ఎంతమాత్రం కాదు. మగసంతానం లేని ఇంటికి దత్తత వెళ్లిన కుర్రవాడు పుట్టింటి పేరు వదిలి దత్తింటి పేరు పెట్టుకోవడం తరతరాలుగా ఉంది. ఆ రోజు పురోహితుడు వస్తాడు, ఊరికి భోజనాలు పెడతారు, కన్నతల్లి కంటతడి పెట్టుకుంటే ‘వంశం నిలబెడుతున్నాడమ్మా’ అని ఓదారుస్తారు. రక్తం మారలేదు, పేరు మారింది. ఎవరూ ‘వంశం ఏమవుతుంది’ అని అడగలేదు. అదే మార్పును ఒక వితంతువు తన బిడ్డకు చేయబోతే మాత్రం సృష్టి తలకిందులవుతుందంటారు. కాబట్టి అభ్యంతరం పేరు మారడం మీద కాదు, మార్చేది ఎవరన్న దాని మీద.

ఇంకా వెనక్కి వెళ్దాం. బోధన్‌ను చరిత్రకారులు అశ్మక జనపదపు పోదనంగా గుర్తిస్తారు. ఇక్కడి నుంచి గోదావరి వెంట కిందికి పోతే కోటిలింగాల, శాతవాహనుల నాణేలు దొరికిన చోటు. ఆ రాజుల్లో తరువాతి కాలపువాళ్లు తల్లి పేరుతో చెప్పుకున్నారు: గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. పులుమావి గౌతమీపుత్రుడి కొడుకే. సింహాసనం తండ్రి నుంచి వచ్చింది, పేరులో ముందు నిలిచింది తల్లి. రాజ్యం తండ్రి పక్షాన సంక్రమించడానికి పేరు తల్లిది కావడం అడ్డు రాలేదు. మాతృస్వామ్యం ఉండేదని నేను దీన్ని బట్టి చెప్పను, ఆధారం అంతదూరం పోనివ్వదు. పేరూ వారసత్వమూ రెండు వేర్వేరు దారుల్లో నడవగలవని మాత్రం ఈ నేలకు రెండు వేల ఏళ్ల కిందటే తెలుసు.

మన ప్రాంతం సంగతికి వస్తాను. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ జిల్లా ముఖాన్ని మార్చింది. మంజీర నీళ్లు వచ్చాయి, నీళ్ల వెంట చెరుకు వచ్చింది, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, షక్కర్‌నగర్ పుట్టింది. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి రైతులు వచ్చి కాలువ వెంబడి స్థిరపడితే ఆ ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ చేరింది. నది దాటితే మహారాష్ట్రలోని బిలోలి, ధర్మాబాద్, దెగ్లూరు. ఇంత చిన్న చోట ఇన్ని రకాల పేర్లు కలిసి బతకడం నేను మరెక్కడా చూడలేదు. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు. మరాఠీ కుటుంబంలో పిల్లవాడి పేరు, ఆ తరువాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. తండాల్లో రాథోడ్, పవార్, చవాన్ అన్నవి చివరన వస్తాయి. ముస్లిం కుటుంబాల్లో చాలామందికి మనం అనుకునే ఇంటిపేరే లేదు. నిజాం కాలపు కచేరీల్లో ఉర్దూ నడిచినప్పుడు ‘ఫలానా వల్ద్ ఫలానా’ అని తండ్రి పేరుతో మనిషిని గుర్తించేవారు. ఇప్పటికీ మన ముసలివాళ్లు ‘వల్దియత్ రాయించాలె’ అంటారు. ఇంటిపేర్లు కూడా అనాదిగా వచ్చినవి కావు. హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారి వంశనామం పుల్లంరాజు. బూర్గుల వారి ఊరు. ఊరి పేరు ఒక తరంలో ఇంటిపేరై చరిత్రకెక్కింది, ఎవరి వంశమూ తెగిపోలేదు. మన నిజామాబాద్ కూడా ఒకప్పటి ఇందూరే.

ఈ వైవిధ్యాన్నంతా దరఖాస్తు ఫారం రెండు గడుల్లోకి కుదిస్తుంది: పేరు, ఇంటిపేరు. అందులో ఇమడనివాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లకు సందర్శక వీసాలు నిలిపేసినప్పుడు గల్ఫ్ మీద ఆధారపడ్డ మన ఊళ్లలో ఎంత కంగారు పుట్టిందో మీకు తెలుసు. అంతకుముందు వాళ్లకు ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం ఒక లోటని తోచనే లేదు.

ఆ గడి అందరికన్నా క్రూరంగా ప్రశ్నించింది ఈ జిల్లాలో దేవత పేరిట అర్పించిన జోగినీల పిల్లలను. తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు. రిజిస్టరులో రాయడానికి మాత్రం ఊరు ఒప్పుకోదు. హేమలత, లవణం దంపతులు 1980ల చివరి సంవత్సరాల్లో నిజామాబాద్ జిల్లా పల్లెల్లో జోగినీల మధ్య పనిచేశారు. ఆ వ్యవస్థను నిషేధించే చట్టం 1988లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. ఆ దంపతుల పేర్లనే చూడండి. ఆమె మహాకవి గుర్రం జాషువా కుమార్తె, అయినా హేమలతా లవణంగానే లోకానికి తెలుసు. ఆయన గోరా గారి కుమారుడు, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినందుకు తండ్రి పెట్టిన పేరు లవణం. ముందొక ఇంటిపేరు లేకుండా లవణంగానే లోకానికి తెలిశారు. అటువంటి మనిషి వచ్చి తండ్రి పేరు లేని పిల్లల పక్కన కూర్చోవడంలో నాకు ఒక ఔచిత్యం కనిపిస్తుంది. తల్లి పేరు చాలునన్న మాటను సుప్రీంకోర్టు స్పష్టంగా పలకడానికి ఇంకా చాలా కాలం పట్టింది. పెళ్లికాని తల్లి సంరక్షకత్వం కోరేటప్పుడు తండ్రి ఎవరో చెప్పనక్కరలేదని 2015 జులై 6న జస్టిస్ విక్రమజిత్ సేన్ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మారి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు సరిపోతుందన్నాయి.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వస్తాను, అంటే భూమి దగ్గరికి. మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే పరిస్థితినే తీసుకుందాం. రెండెకరాల చెరుకు రైతు చిన్న వయసులో చనిపోయాడు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, అప్పులు మిగిలాయి. 2018 నుంచి అమల్లో ఉన్న రైతుబీమా కింద 5 లక్షల రూపాయలు భార్య నామినీగా ఉంటే ఆమె చేతికి వస్తాయి. రెండేళ్లకు ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డ పేరు మారుస్తానంది. అత్తామామలకు అది పొలం గట్టు జరిపినట్టు తోస్తుంది. వాళ్ల దుఃఖాన్ని నేను తేలిక చేయను. కొడుకు పోయాక లోకంలో అతని గుర్తుగా మిగిలింది మనవడి ముందుండే ఆ రెండక్షరాలే అనిపించడం సహజం. అయితే దుఃఖానికి ఇచ్చే గౌరవం వేరు, హక్కుల లెక్క వేరు.

ఆ లెక్క ఇది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన మగవాడి స్వార్జితానికి కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి మొదటి తరగతి వారసులు, తలా ఒక సమాన భాగం. గమనించండి: నాయనమ్మకు వాటా ఉంది, ఆ వరుసలో తాతకు లేదు. భర్త చనిపోయిన క్షణాన భార్యకు సంక్రమించిన భాగం ఆమె తరువాత పెళ్లి చేసుకున్నా పోదు. 1856 నాటి రెండో సెక్షన్‌కు ఇది సరిగ్గా వ్యతిరేకం. బిడ్డ భాగం బిడ్డదే. ఆ బిడ్డ ఇంటిపేరు ఏ అక్షరంతో మొదలవ్వాలని వారసత్వ చట్టంలో ఎక్కడా లేదు. ఇంటిపేరు మార్చినందువల్ల ఒక్క గుంట భూమి ఒక చేతిలో నుంచి మరో చేతిలోకి పోదు. నాయనమ్మ దుఃఖానికి కోర్టు చూపగలిగిన మందు కూడా వేరే ఉంది: మనవణ్ని చూసుకునే హక్కు. 2022 తీర్పు కేసులో కింది కోర్టు ఇచ్చింది అదే.

దత్తత సంగతి మాత్రం వేరు, ఇక్కడ నా తోటి న్యాయవాదులే కక్షిదారులను గందరగోళంలో పెడుతున్నారు. పేరు మార్పు పేరును మాత్రమే మారుస్తుంది. తల్లి రెండో భర్త దానివల్ల చట్టం దృష్టిలో తండ్రి అయిపోడు. 1956 సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ మారుతండ్రిని సహజ సంరక్షకుల జాబితాలో నుంచి మినహాయించింది. అతను తండ్రి కావాలంటే దత్తత జరగాలి. సుప్రీంకోర్టు తీర్పులోని కుటుంబంలో 2019 జులైలో రిజిస్టర్డ్ దత్తత దస్తావేజు అయింది. దత్తతకు ముందే బిడ్డకు సంక్రమించిన ఆస్తి దత్తత తరువాతా అతనిదే. కాని ఆ తరువాత తాత చనిపోతే, ముందే పోయిన కొడుకు కొడుకుగా మనవడికి రావలసిన భాగం రాదు, ఆ బంధం తెగిపోయింది కనుక. విభజన జరగని ఉమ్మడి ఆస్తిలో కూడా పుట్టింటి వాటా నిలవదని 2023లో తెలంగాణ హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. కాబట్టి ఏ తల్లి వచ్చి ‘పేరు మార్చాలి సార్’ అన్నా, ఆమెకు కావలసింది పేరా, దత్తతా అని ముందు అడగండి. ఫీజు కోసం పెద్ద దస్తావేజు రాసిపెట్టడం ఆ బిడ్డకు తీరని నష్టం.

తండ్రి బతికి ఉన్నప్పుడు ప్రశ్న మరింత చిక్కనవుతుంది. విడాకుల తరువాత తల్లి ఒక్కతే బిడ్డ పేరు మార్చవచ్చునా అన్నదానికి 2022 తీర్పు జవాబు కాదు, దాన్ని అలా వాడుకోబోతే కోర్టులో నిలవదు. ఆరో సెక్షన్ ఇప్పటికీ ‘తండ్రి, అతని తరువాత తల్లి’ అనే అంటోంది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ‘తరువాత’ను తండ్రి మరణం తరువాత అని మాత్రమే కాక, తండ్రి పట్టించుకోని పరిస్థితుల్లో కూడా అని విస్తరించి చదివి చట్టాన్ని కాపాడింది. వ్యాఖ్యానంతో అతుకు వేయడమే అది. తల్లిదండ్రులను సమాన సంరక్షకులుగా చేయాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది. పార్లమెంటు ఆ సెక్షన్‌ను ఇంతవరకు ముట్టుకోలేదు. ఇది సిగ్గుపడవలసిన జాప్యమని నా అభిప్రాయం.

బోధన్‌లో మాట్లాడుతూ ముస్లిం కుటుంబాలను విస్మరించడం కుదరదు. నేను చెప్పిన తీర్పు హిందువులకు వర్తించే చట్టం మీద నిలిచింది. ముస్లిం సంప్రదాయంలో బిడ్డ వల్దియత్ కన్నతండ్రిదే, అది దాచరాదన్నది దృఢమైన నియమం. ఎవరి బిడ్డో దాచకుండానే పెంచినవాడి ఇంట్లో గౌరవంగా పెరిగే మర్యాద అందులో ఉంది. హిందూ కుటుంబాలు దాని నుంచి నేర్చుకోవలసింది కొంత ఉందని నేననుకుంటాను.

ఇక 2022 తీర్పుతో నాకు ఒక చోట పేచీ ఉంది. అది తల్లి హక్కును నిలబెట్టింది, అది కావలసిందే. కానీ పిల్లవాడి మాట ఏదీ? 1890 చట్టమే, పదిహేడో సెక్షన్‌లో, తెలివి వచ్చిన మైనరు ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చునంది. రెండు నెలల వయసులో తండ్రిని పోగొట్టుకున్న బిడ్డకూ, పదకొండేళ్లు తండ్రి భుజాల మీద తిరిగిన బిడ్డకూ ఒకే సూత్రం పెట్టలేం. రెండో బిడ్డకు పాత పేరే తండ్రి కావచ్చు. పేరు మనిషి తనను తాను వ్యక్తం చేసుకునే స్వేచ్ఛలో భాగమని 2021 జూన్‌లో సీబీఎస్‌ఈ సర్టిఫికెట్ల కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ స్వేచ్ఛ మొదట ఎవరిది, తల్లిదా, తాతదా? పదేళ్లు దాటిన పిల్లల విషయంలో వాళ్ల సమ్మతి లేకుండా ఏ ఇంటిపేరూ మార్చకూడదని నియమం రావాలి. తల్లి అయినా సరే, అడగాలి.

చివరగా దఫ్తర్ల సంగతి. జననాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించవచ్చు, పేరు తరువాత చేర్పించవచ్చు. ఈ వీలు చాలామందికి తెలియక తొందరలో ఏదో ఒకటి రాయిస్తారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి దగ్గర నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం కనుక ఆ మొదటి నమోదుకు ఇప్పుడు బరువు పెరిగింది. మార్చవలసి వచ్చినప్పుడు నోటరీ అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, ఆ తరువాత చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వెలువడే గెజెట్. ఇంతవరకు ఫర్వాలేదు. అసలు అవస్థ ఆ గెజెట్ చేతబట్టుకుని ఒక్కొక్క కౌంటరు తిరగడంలో మొదలవుతుంది. ఆధార్‌లో పేరు మార్పు రెండుసార్లకే పరిమితం, అందుకని అది అన్నిటికన్నా ముందు తొందరపడి చేయవలసింది కాదు. మధ్యలో ఎక్కడో ఒక గుమస్తా ‘తండ్రి ఏడి’ అని అడుగుతాడు. చనిపోయినవాణ్ని ఎక్కడి నుంచి తెస్తుంది ఆమె? తండ్రి లేనిచోట తల్లి సంతకం చాలునన్నది ఈ దేశంలో చట్టం. ఆ వాక్యాన్ని తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో రాసి ప్రతి కౌంటరు ముందు అంటించమని జిల్లా అధికారులను ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను.

ఇంట్లో పెద్దలకు నేను చెప్పేది ఒకటే. కొడుకు పోయిన ఇంట్లో ముందు విరాసత్ పూర్తి చేయించండి, భార్య, బిడ్డ, తల్లి ముగ్గురి పేర్లూ పట్టాలో ఎక్కించండి. ఆ పని అయ్యాక పిల్లవాడి పేరు గురించి కోడలితో మాట్లాడితే ఆ మాటలో అనుమానం ఉండదు. తల్లులకు ఒక మాట: మార్చదలిస్తే బిడ్డను అడిగి, పదో తరగతి నామినల్ రోల్స్ బడి నుంచి వెళ్లేలోపు మార్చండి. పదో తరగతి మెమోలో ఒకసారి అచ్చయిన పేరును తరువాత మార్పించడం చాలా కష్టం.